మన ఎంపీ ఢిల్లీలో ఎటు ఓటేశారు? రికార్డు ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి వచ్చిన ప్రశ్న ఇది: "మా దగ్గర వాట్సాప్‌లో ఒక కార్డు తిరుగుతోంది. మా ఎంపీ ఏ బిల్లుకు అవునన్నారు, ఏ బిల్లుకు కాదన్నారు అని పది బిల్లుల పట్టిక. నిజమో కాదో నాకు నేనే సరిచూసుకోవాలంటే ఎక్కడ చూడాలి? ఆయన వేసిన ఓట్లన్నీ ఒకచోట దొరుకుతాయా?"

ఒకచోట దొరకవండీ. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఆ పది బిల్లుల్లో చాలావాటి మీద మీ ఎంపీ ఓటు అనేదే రికార్డులో ఉండదు. ఎవరో దాచిపెట్టారని కాదు, అసలు నమోదే కాలేదు. కాబట్టి పదింటికి పది అవును-కాదులు నింపేసిన కార్డు కనిపిస్తే, నింపినవాళ్లు ఊహించి రాశారనే అనుకోండి.

మొదట మీ ఎంపీ ఎవరో సరిగ్గా చూసుకోండి. సరిహద్దు జిల్లాల్లో ఇక్కడే బోలెడు తికమక. పర్లాకిమిడి, మోహన అసెంబ్లీ స్థానాలు బరంపురం లోక్‌సభ కిందకు వస్తాయి. పక్కనే ఉన్న గుణుపురం మాత్రం రాయగడ, జయపురాలతో కలిసి కోరాపుట్ కిందకు పోతుంది. మల్కనగిరి, చిత్రకొండ నవరంగపూర్ లోక్‌సభలో ఉన్నాయి. మహారాష్ట్ర వైపు సిరొంచ అహేరి అసెంబ్లీలో భాగం, అది గడ్చిరోలి-చిమూర్. దెగ్లూరు నాందేడ్ కింద ఉంటే, అదే జిల్లాలోని కిన్వట్ హింగోలి లోక్‌సభలో ఉంది. రాజురా చంద్రపూర్ కింద.

ఆ తరవాత తేదీలు. 2023 మే 30న చంద్రపూర్ ఎంపీ బాలూ ధానోర్కర్ చనిపోయారు. ఉప ఎన్నిక జరగలేదు, 2024 దాకా ఆ సీటు ఖాళీ. కాబట్టి 2023 సెప్టెంబరు మహిళా రిజర్వేషన్ బిల్లుకు "రాజురా ఎంపీ ఎటు ఓటేశారు" అన్న ప్రశ్నకు జవాబే లేదు. నాందేడ్‌లోనూ 2024 ఆగస్టులో ఎంపీ వసంతరావు చవాన్ చనిపోయాక నవంబరులో ఉప ఎన్నిక జరిగింది. మధ్యలో జరిగిన వాటిని ఎవరి ఖాతాలోనూ వేయకూడదు.

ఇక అసలు విషయం, మూజువాణి ఓటు. స్పీకరు ప్రశ్న చదువుతారు, "అవును" అనేవాళ్లు ఒకసారి, "కాదు" అనేవాళ్లు ఒకసారి అరుస్తారు, ఏ గొంతు పెద్దదో స్పీకరు చెబుతారు. మామూలు బిల్లుల్లో అత్యధికం ఇలాగే గట్టెక్కుతాయి. ఎవరి పేరూ ఎక్కడా పడదు. తెలుగువాళ్లకు దీనికన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు: ఆంధ్రప్రదేశ్ పునర్‌వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ 2014 ఫిబ్రవరి 18న, రాజ్యసభ 20న మూజువాణి ఓటుతోనే ఆమోదించాయి. లోక్‌సభలో ఆ పూట టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. అప్పటి మీ ఎంపీ ఆ బిల్లుకు ఏమన్నారో ఓటు రికార్డులో చూస్తానంటే కుదరదు. అదే ఏడాది జూలైలో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రలో కలిపిన సవరణ బిల్లూ అంతే. బిజూ జనతాదళ్, తెరాస గట్టిగా వ్యతిరేకించాయి, బిల్లు మూజువాణిలో వెళ్లిపోయింది. మల్కనగిరి వైపు మోటు ప్రాంతానికి నేరుగా తగిలే బిల్లు అది. దాని మీద ఎవరేమన్నారో తెలియాలంటే ప్రసంగాలే దిక్కు.

పేర్లు పడేది డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టే ఓటింగు జరిగినప్పుడు. స్పీకరు చెప్పిన ఫలితాన్ని ఎవరైనా సభ్యుడు ఒప్పుకోక డివిజన్ అడిగితే లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాలు గంట మోగుతుంది, తలుపులు మూస్తారు, ప్రశ్న మళ్లీ చదువుతారు. అప్పటికీ ఒప్పుకోకపోతే సభ్యులు తమ తమ సీట్లలోంచి మీట నొక్కుతారు: ఆకుపచ్చ అవును, ఎరుపు కాదు, పసుపు తటస్థం. ఓటు మొదలని ఒకసారి గంట కొట్టినప్పటి నుంచి రెండోసారి కొట్టేదాకా, పది సెకన్లు, ఓటు ప్రారంభించే మీటనూ రంగు మీటనూ కలిపి నొక్కి పట్టుకోవాలి. ఒక చెయ్యి ముందే తీసేస్తే ఓటు పడదు.

డివిజన్ అడిగినంత మాత్రాన పేర్లు పడతాయన్న హామీ కూడా లేదు. అనవసరంగా అడుగుతున్నారని స్పీకరుకు అనిపిస్తే సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కపెట్టించవచ్చు. లోక్‌సభ నియమం 367 ప్రకారం అలాంటప్పుడు పేర్లు నమోదు చేయరు. సభ గందరగోళంగా ఉండి సభ్యులు సీట్లలో లేకపోతే డివిజన్ జరపలేమని అధ్యక్షస్థానం చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లుల మీద అంత రభస జరిగింది దీని గురించే. ఆ బిల్లులూ చివరికి మూజువాణిలోనే పోయాయి.

రాజ్యాంగ సవరణ బిల్లులకు మాత్రం ఈ బెడద లేదు. 368వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి కాబట్టి లెక్క తేలాల్సిందే, డివిజన్ తప్పదు. మీ ఎంపీ ఓట్లు చూడాలంటే వీటితో మొదలుపెట్టడం సులువు. తరవాత విశ్వాస, అవిశ్వాస తీర్మానాలు, ప్రతిపక్షం పట్టుబట్టిన పెద్ద బిల్లులు. ఉదాహరణకు పౌరసత్వ సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభలో 311-80, వక్ఫ్ సవరణ బిల్లు 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో 288-232, రాజ్యసభలో 128-95. అవిశ్వాసంలోనూ ప్రతిసారీ పేర్లు దొరకవు. 2018 జూలై 20న తెలుగుదేశం పెట్టిన తీర్మానం డివిజన్‌కు వెళ్లి 126-325తో వీగింది. 2023 ఆగస్టు 10న వీగినది మూజువాణిలో.

ఎక్కడ చూడాలి అన్నారు. సంసద్ డాట్ ఇన్ తెరవండి. లోక్‌సభ విభాగంలో డిబేట్స్ అనే చోట తేదీవారీగా ఆ రోజు కార్యక్రమం మొత్తం పీడీఎఫ్‌గా ఉంటుంది. పాతవి పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో దొరుకుతాయి. ముందు బిల్లు ఏ తేదీన ఆమోదం పొందిందో పట్టుకోండి, ఆ రోజు సభలో ఏం జరిగిందో క్లుప్తంగా చెప్పే బులెటిన్ పార్ట్-1 చూస్తే డివిజన్ జరిగిందో లేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. జరిగి ఉంటేనే పెద్ద పీడీఎఫ్ జోలికి వెళ్లండి. వందల పేజీలుంటాయి, డివిజన్ అన్న మాట కొట్టి వెతికితే నంబరు, సమయం, కింద అవునన్నవాళ్ల జాబితా, కాదన్నవాళ్ల జాబితా, తటస్థులుంటే వాళ్లది కనిపిస్తాయి. పేర్లు ఇంటిపేరు ముందుగా అక్షరక్రమంలో ఉంటాయి. కోరాపుట్ ఎంపీ సప్తగిరి శంకర్ ఉలాకాను 'స' దగ్గర కాదు, ఉలాకా అనే చూడాలి. బరంపురం ఎంపీ ప్రదీప్ కుమార్ పాణిగ్రాహి అయితే పాణిగ్రాహి. సాహు, దాస్, రెడ్డి లాంటి పేర్లు ఒకటికి మించి ఉంటాయి, పూర్తి పేరు చదివితే గానీ లెక్కలోకి తీసుకోవద్దు.

జాబితా అడుగున నక్షత్రం గుర్తుతో చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు, తప్పులన్నీ అక్కడే పుడతాయి. మీట పనిచేయనివాళ్లు, తప్పు రంగు నొక్కినవాళ్లు, వేరే సీట్లో కూర్చున్నవాళ్లు చీటీ రాసి ఇస్తారు. ఆ పేర్లు పై జాబితాలో కాక ఈ గమనికలో వస్తాయి. ఎంత తేడా వస్తుందంటే, 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల రాజ్యాంగ సవరణ బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు యంత్రం చూపించినది 220-149. చీటీలు కలిపాక 269-198. పై జాబితా ఒక్కటే చూసినవాళ్లకు దాదాపు వందమంది ఆ రోజు ఓటే వేయనట్టు కనిపిస్తారు. 2023 సెప్టెంబరు 20న మహిళా బిల్లు మీద ఓటింగైతే మొత్తం చీటీలతోనే జరిగింది, 454-2.

జమిలి బిల్లునే ఇంకాస్త దగ్గర నుంచి చూడండి, ఇంకో సంగతి బయటపడుతుంది. ఆ రోజు ఓటు బిల్లు ఆమోదానికి కాదు, ప్రవేశపెట్టడానికి. బిల్లు తరవాత రెండు సభల సభ్యులుండే సంయుక్త సంఘానికి వెళ్లింది. "మా ఎంపీ జమిలికి ఓటేశారు" అని రాస్తే సగమే నిజం. ప్రతి డివిజన్‌కు ముందు స్పీకరు చదివిన ప్రశ్న ఒకటుంటుంది. అది ప్రవేశపెట్టడమా, చర్చకు తీసుకోవడమా, ఫలానా క్లాజుకు ప్రతిపక్ష సభ్యుడి సవరణా, చివరి ఆమోదమా అన్నది చదవాలి. ఒకే బిల్లు మీద ఒకే రాత్రి నాలుగైదు డివిజన్లు జరగవచ్చు. ప్రతిపక్ష సవరణ మీద జరిగిన దాంట్లో "అవును" అన్నవాళ్లు ప్రభుత్వానికి ఎదురు వెళ్లినట్టు. కార్డులు తయారు చేసేవాళ్లు తెలిసో తెలియకో తిరగేసేది ఇక్కడే. కారణం కూడా ఓటులో కనపడదు. మహిళా బిల్లుకు కాదన్న ఇద్దరు అసదుద్దీన్ ఒవైసీ, ఇంతియాజ్ జలీల్. వాళ్ల అభ్యంతరం ఓబీసీ, ముస్లిం మహిళలకు కోటా లేదని. "మహిళలకు వ్యతిరేకం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ ప్రసంగాలు చదవనట్టే.

పేరు ఏ జాబితాలోనూ లేకపోతే? నాలుగు కారణాలుండవచ్చు: ఆ రోజు రాలేదు, వచ్చి ఓటేయలేదు, వాకౌట్ చేశారు, లేదా సభాపతి స్థానంలో ఉన్నారు. సభాపతి ఓట్లు సమానమైనప్పుడే ఓటేస్తారు. వాకౌట్ సంగతి డివిజన్ జాబితాలో దొరకదు. చర్చ పాఠంలో "ఈ దశలో శ్రీ ఫలానా, మరికొందరు సభ్యులు సభ నుంచి వెళ్లిపోయారు" అని ఒక వాక్యం ఉంటుంది, అది వెతకాలి. 2018 అవిశ్వాసం రోజు ఒడిశా పాఠకులు తప్పక చూడాల్సింది ఇదే. ఆంధ్రకు ప్రత్యేక హోదా గొడవ మీద తెలుగుదేశం పెట్టిన తీర్మానం అది. బిజూ జనతాదళ్ మొదట్లోనే బయటికి నడిచింది, శివసేన దూరంగా ఉంది. బరంపురంలో అప్పుడు సిద్ధాంత్ మహాపాత్ర, కోరాపుట్‌లో ఝీనా హికాకా, ఇద్దరూ ఆ పార్టీవాళ్లే. వాళ్ల పేర్లు లేవని "డుమ్మా కొట్టారు" అనడం అన్యాయం. అలాగని తెలుగువాళ్ల వైపు నిలబడ్డారనడమూ కుదరదు. వాకౌట్ అంటే ఎవరికీ ఎదురు చెప్పకుండా తప్పుకోవడం. దాన్ని అలాగే రాసుకోవాలి.

ఇంత కష్టపడి పట్టుకున్న ఓటు మీ ఎంపీ సొంత అభిప్రాయమా? చాలావరకు కాదు. 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిషేధం) ప్రకారం పార్టీ విప్‌కు, అంటే ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశానికి, విరుద్ధంగా ఓటేసినా, ఓటేయకుండా ఊరుకున్నా, ముందస్తు అనుమతి లేక 15 రోజుల్లో పార్టీ మన్నించకపోతే సభ్యత్వం పోతుంది. కాబట్టి డివిజన్ జాబితా మీకు ప్రధానంగా చెప్పేది పార్టీ వైఖరి, ఎంపీ ఆ రోజు హాజరు. విప్ లేనప్పుడు పడిన ఓట్లే మనిషిని పట్టిస్తాయి. వక్ఫ్ బిల్లు మీద రాజ్యసభలో బిజూ జనతాదళ్ తన సభ్యులకు విప్ ఇవ్వకుండా ఎవరి అంతరాత్మ ప్రకారం వాళ్లను ఓటేయమంది. ఆ పార్టీలో తరవాత చెలరేగిన గొడవంతా ఎవరు ఎటు వేశారన్నదే. ఒడిశాకు రాజ్యసభలో 10 మంది, మహారాష్ట్రకు 19 మంది ఉన్నారు. వాళ్ల ఓట్లు చూడటం ఎవరికీ గుర్తుండదు.

ఓటు గురించి మాట్లాడుతూ గిరిధర్ గొమాంగో పేరు ఎత్తకపోతే గుణుపురం, రాయగడ వాళ్లు ఊరుకోరు. 1999 ఫిబ్రవరిలో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, కోరాపుట్ లోక్‌సభ సభ్యత్వం ఇంకా వదులుకోలేదు. ఏప్రిల్ 17న వచ్చి వాజ్‌పేయి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. 269-270. అది చట్టవిరుద్ధమని ఇప్పటికీ కొందరంటారు. కాదు: ఏ సభలోనూ లేని వ్యక్తి కూడా ఆరు నెలల దాకా ముఖ్యమంత్రిగా ఉండవచ్చు, ఆయన అసెంబ్లీకి ఇంకా ఎన్నిక కాలేదు, కాబట్టి రెండు సభల్లో ఉన్నట్టు కాదు. స్పీకరు బాలయోగి ఆ నిర్ణయాన్ని గొమాంగో విజ్ఞతకే వదిలేశారు. ఇక "ఆయన ఒక్క ఓటే ప్రభుత్వాన్ని పడగొట్టింది" అన్నది కథ చెప్పడానికి బాగుంటుంది. తేడా ఒకటే అయినప్పుడు 270లో ఏ ఓటైనా ఆ మాటకు అర్హమే. అదే రోజు నేషనల్ కాన్ఫరెన్స్ విప్‌ను కాదని సైఫుద్దీన్ సోజ్ వేసిన ఓటు ఇంకా అరుదైనది.

బరంపురానికీ ఇలాంటి లంకె ఒకటుంది. 1996లో అక్కడి నుంచి గెలిచిన పీవీ నరసింహారావు పేరు మీదే 1998 సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 1993లో ఆయన ప్రభుత్వం మీద వచ్చిన అవిశ్వాసంలో లంచం తీసుకుని ఓటేసిన ఎంపీలకు 105వ అధికరణం కింద కోర్టు కేసుల నుంచి రక్షణ ఉందన్నది ఆ తీర్పు. 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది.

సరే, ఓట్లు ఇంత తక్కువ దొరికితే ఎంపీని దేనితో తూచాలి? నా లెక్కలో ప్రశ్నలతో. విప్ ఉండదు, సొంత పేరుతో వేస్తారు, ప్రతిదీ తేదీతో, మంత్రి జవాబుతో సహా పీడీఎఫ్‌గా దొరుకుతుంది. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, మిగతావి 230. మొదటివాటికి మంత్రి నోటితో జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్న వేయవచ్చు. రెండోవాటికి కాగితం మీదే జవాబు. సంసద్ సైట్‌లో క్వశ్చన్స్ విభాగంలో సభ్యుడి పేరుతోనూ, మంత్రిత్వ శాఖతోనూ వెతకవచ్చు.

ఇక్కడ మన ఊళ్ల పేర్లే మనల్ని ముంచుతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో పర్లాకిమిడి అని కొడితే ఏమీ రాకపోవచ్చు. ఢిల్లీ కాగితాల్లో అది పారలాఖెముండి, దాన్నీ రెండు మూడు రకాలుగా రాస్తారు. గుణుపురం రైలు లైను కోసం నౌపడా అని వెతకాలి, శ్రీకాకుళం జిల్లాలోని ఆ జంక్షన్ పేరుతోనే లైను నమోదై ఉంది. నువాపడా అని పడితే ఒడిశాలో ఎక్కడో వేరే జిల్లా సమాచారం వచ్చి పడుతుంది. బరంపురం లోక్‌సభకు బెర్హంపూర్, రైల్వేకు బ్రహ్మపూర్. పశ్చిమ బెంగాల్‌లో దాదాపు అదే స్పెల్లింగుతో ఇంకో నియోజకవర్గం ఉంది, అక్కడి ఎంపీ ఓట్లూ ప్రసంగాలూ మన ఎంపీ ఖాతాలో పడ్డ కార్డులు కూడా తిరుగుతాయి. రాష్ట్రం పేరు చూడందే నమ్మకండి.

ప్రశ్నల సంఖ్య మీద మోజు పడొద్దు. చట్టసభల పనితీరును నమోదు చేసే పీఆర్‌ఎస్ సంస్థ సైట్‌లో ప్రతి ఎంపీకి హాజరు శాతం, చర్చలు, ప్రశ్నలు, ప్రైవేటు బిల్లులు, పక్కనే రాష్ట్ర సగటు, జాతీయ సగటు ఉంటాయి. మొదటి చూపుకు మంచిదే. కానీ మంత్రి అయినవాళ్లు ప్రశ్నలు వేయరు, హాజరు పట్టీలో సంతకమూ పెట్టరు, అక్కడి ఖాళీని బద్ధకం అనుకోకూడదు. హాజరు అంటే ఆ రోజు నమోదు చేసుకున్నారని, సాయంత్రం దాకా కూర్చున్నారని కాదు. ఒకే ప్రశ్న కింద పదిమంది ఎంపీల పేర్లు ఉంటే అది ఒకే రకం నోటీసులను కలిపినది. దేశమంతటికీ వర్తించే పథకం గణాంకాలు అడిగిన వంద ప్రశ్నలకన్నా గుణుపురం–తెరువలి కొత్త లైను గురించో, రాయగడ రైల్వే డివిజన్ గురించో, ఆంధ్ర-ఒడిశా సరిహద్దు వివాదంలో ఉన్న కొఠియా గ్రామాల గురించో అడిగిన నాలుగు ప్రశ్నలు ఎక్కువ పని చేసినట్టు. మంత్రి జవాబు చదివాక అదే ఎంపీ తరవాతి సెషన్‌లో మళ్లీ అడిగారా అన్నది ఇంకా మంచి గుర్తు.

కొన్ని ప్రశ్నలు కనపడకపోతే ఎంపీని తప్పుపట్టకండి. భూమి, శాంతిభద్రతలు రాష్ట్రాల పరిధి కాబట్టి అలాంటి నోటీసులు సచివాలయంలోనే తిరస్కరణకు గురవుతాయి. మేడిగడ్డ బ్యారేజీ వల్ల సిరొంచ తాలూకాలో పొలాలు మునిగాయన్న ఫిర్యాదును "పరిహారం ఎప్పుడిస్తారు" అని అడిగితే పోతుంది. అదే అంతర్రాష్ట్ర నది, కేంద్ర జలసంఘం అనుమతులు, బ్యారేజీ భద్రత అని జలశక్తి శాఖకు వేస్తే నిలుస్తుంది. పని తెలిసిన ఎంపీ ఎవరో ఈ మలుపులో తెలుస్తుంది.

స్థాయీ సంఘాలను, అంటే శాఖలవారీగా పరిశీలన జరిపే ఎంపీల సంఘాలను, కూడా ఒకసారి చూడండి. నివేదిక చివర సమావేశాల మినిట్స్‌లో ఎవరు వచ్చారో పేర్లుంటాయి, సంయుక్త సంఘాల నివేదికల్లో అసమ్మతి పత్రాలు కూడా ఉంటాయి. కోరాపుట్ ఎంపీ ఉలాకా 2024 నుంచి గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ స్థాయీ సంఘానికి అధ్యక్షుడు. ఉపాధి హామీ మీద ఆయన వైఖరి ఆ నివేదికల్లో వెతికితే ప్రెస్ మీట్లకన్నా గట్టి సరుకు దొరుకుతుంది. ఒడియాలో చేసిన ప్రసంగాలు చర్చ పాఠంలో అనువాదంగా, అడుగున ఆ గమనికతో వస్తాయి. మాట్లాడకుండా బల్ల మీద పెట్టేసిన ప్రసంగాలకూ గుర్తు ఉంటుంది.

సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి లోక్‌సభ సచివాలయాన్ని "మా ఎంపీ ఓట్లన్నీ ఇవ్వండి" అని అడగడం దండగ. ఉన్న కాగితమే ఇస్తారు, మూజువాణి ఓటుకు కాగితమే లేదు. అదే దరఖాస్తును మంత్రి జవాబు మీద వాడండి. "పరిశీలనలో ఉంది" లాంటి జవాబును చాలాసార్లు హామీగా లెక్కిస్తారు, దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని ప్రభుత్వ హామీల సంఘాన్ని అడగాలి. ప్రశ్న నంబరు, తేదీ వేసి ఆ హామీ ఏ దశలో ఉందని సంబంధిత శాఖకు రాయండి. వచ్చిన జవాబు ప్రతి మీ ఎంపీ కార్యాలయానికీ ఒకటి పంపండి. అనుబంధ ప్రశ్నకు ఆయనకు ముడిసరుకు అదే.